అక్క వెనక అడుగులు

డాక్టరు చెప్పాడని ఈమధ్య పొద్దున్నే పార్కులో నడుస్తున్నాను. నిన్న నా వెనక ఎవరో అడుగులో అడుగు వేస్తూ వస్తున్నట్టనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఈ వయసులో చెవులదే తప్పని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ చప్పుడుతో నాకు ఎనభైల నుంచీ పరిచయం.

మా పెద్దమ్మ కూతురు ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లాకి ఫస్టు. అక్కకి కోరికలకు కొదవ లేదు. రాష్ట్ర జట్టులో చేరాలి, నర్సు కావాలి, బస్సు నడపాలి, వయొలిన్ నేర్చుకోవాలి. వాళ్ల ఊళ్లో వయొలిన్ చూసినవాళ్లే లేరు, ఆమెతో సహా. అలాంటి మనిషి గుంటూరులో సెలక్షన్ల నాడు అందరికంటే ముందు పరిగెత్తుతూ ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగింది. "నా వెనకాలే ఎవరో పరిగెత్తుతున్నారు," అంది. పరుగు పందెంలో అదేమంత వింత కాదు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ ఎవరో ఆగలేదు. వంటింట్లోంచి పెరట్లోకి నడిచినా వెనకాలే. చివరికి అక్క మంచమెక్కి, కాళ్లు నేలకు ఆనించడమే మానేసింది.

దిష్టన్నారు. పెద్దమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఎవరూ దగ్గలేదు. "అమ్మో, ఎంత దిష్టో!" అంది పెద్దమ్మ. మూడు నెలలుగా మిరప కల్లంలోనే బతుకుతున్న ఆ ఇంట్లో ఎవరికీ దగ్గు రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రోజూ కాల్చారు. తొమ్మిదో రోజున తాడేపల్లి నుంచి పెళ్లి పిలుపుకొచ్చిన చుట్టమొకాయన గుమ్మంలోనే దగ్గి దగ్గి కూలబడ్డాడు. ఆయనకి మంచినీళ్లిచ్చి పెదనాన్న, "ఇక ఆపవే తల్లీ. రేపు పిల్లని డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు.

ఇది మనసుకొచ్చే జబ్బేనని, తగ్గుతుందని చెప్పి గుంటూరు డాక్టరు మాత్రలిచ్చాడు. నెలలు గడిచాయి. చప్పుడు సన్నబడింది గానీ పోలేదు. మళ్లీ సెలక్షన్లు దగ్గరపడ్డాయి. డిగ్రీ సెలవులకు నేను వెళ్లి ఉండగా ఒక మిట్టమధ్యాహ్నం అక్క నా చేతిలో వాచీ పెట్టి, "పదరా," అంది. కూలీలు అన్నాలకు వెళ్లిన కల్లంలో, ఎర్రగా ఆరబోసిన కాయల చుట్టూ పరుగు మొదలెట్టింది. రెండో చుట్టుకి మొహం పాలిపోయింది.

"వచ్చిందా అక్కా?"

"వచ్చింది."

"అయితే ఆపెయ్!"

ఆపలేదు. మెడ తిప్పకుండా, గుమ్మంలో మొహమాటపడే చుట్టాన్ని పిలిచినట్టు, "వెనకెందుకు? రా, పక్కకి రా," అంది. నేను వాచీ వంకే చూస్తూ, వినకూడదనుకుంటూనే విన్నాను. అక్క పక్కన, ఆమె కాళ్లు పడని చోట, ఎండుకాయలు పటపటా చిట్లాయి. గాలి మాత్రం లేదు.

ఆ ఏడాది సెలక్షన్లలో అక్క నాలుగోది. ముగ్గుర్నే తీసుకున్నారు. "చివరిదాకా పరిగెత్తానురా," అంది నవ్వుతూ. నేను చూస్తూనే ఉన్నాను. పరుగంతా తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి పరిగెత్తింది. తర్వాత నర్సయింది. రిటైరయ్యాక వయొలిన్ మొదలెట్టింది. ఇరుగుపొరుగు ఇంకా కోలుకుంటున్నారు. బస్సు ఒక్కటే మిగిలింది.

ఇవాళ పార్కులో మళ్లీ అదే చప్పుడు. ఈసారి తిరగలేదు. "పక్కకి రా," అన్నాను. కాలం మనుషుల్ని దాటి పోతుందంటారు. నా కాలం మాత్రం మర్యాద తెలిసినది. ఇన్నేళ్లూ వెనకే నడిచి, పిలిచాకే పక్కకొచ్చింది.