పన్నెండు స్తంభాల గంగారాం

లేని స్తంభానికి తగలకుండా పక్కకు తప్పుకుని నడిచే మనిషి కోరుట్ల మొత్తానికి గంగారాం ఒక్కడే.

పాత షాపింగ్ కాంప్లెక్సును కూల్చి నాలుగేళ్లయింది. కొత్తది కట్టాల్సిన కాంట్రాక్టరు, రోజులు బాగాలేవని, పునాది తవ్వకముందే ఊరు దాటిపోయాడు. మిగిలింది ఎర్రమట్టి చదును, నాలుగు తుమ్మ మొక్కలు. గంగారాం మాత్రం రోజూ అక్కడికి వచ్చేవాడు. అంచున చెప్పులు విడిచేవాడు. లేని మెట్లు మూడూ ఎక్కేవాడు. ఎనిమిది అడుగులకోసారి పక్కకు ఒరుగుతూ, పన్నెండు స్తంభాలనూ తప్పించుకుని ఆ కొసకు చేరేవాడు.

అడ్డంగా వెళ్లేవాళ్లను చూసి ఊరుకునేవాడు కాదు.

"ఏందిరా పోశం, గోడలకెళ్లి పోతున్నవ్? దర్వాజ కనవడతలేదా?"

"గోడ యాడుందే కాకా? ఎప్పుడో కూలగొట్టిరి గద."

"వాళ్లు కూలగొడితె నాకు లేకుంట పోతదా?"

సుమిత్రకు అతన్ని చూస్తే నవ్వూ వచ్చేది, భయమూ వేసేది. ఆమె బీఎస్సీ చదివి బడిలో సైన్సు చెప్పేది. ఎనిమిది నెలల కొడుకు తుమ్మినా టైము చూసి నోటుబుక్కులో రాసుకునే రకం. భర్త దేవదాస్ రేడియోలు బాగుచేస్తాడు. కాంప్లెక్సులో తొమ్మిదో నంబరు దుకాణం అతనిదే. ఇప్పుడు ఆ చదును పక్కనే తోపుడుబండి మీద, ఎండలో.

మధ్యాహ్నం పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆమె అన్నం గిన్నె తెస్తే గంగారాం కేకేసేవాడు.

"ఎండల నిలవడ్డవేంది బిడ్డా? పోరడు వాడిపోతడు. నీడకు రా."

"నీడ యాడుంది మామా?"

"వరండల."

ఆ మాట నడి ఎండలో నిలబడి, నెత్తికి చెయ్యైనా అడ్డం పెట్టుకోకుండా, హాయిగా అనేవాడు.

పద్దెనిమిదేళ్ల వయసులో ఆ వరండా మొజాయిక్‌ను మోకాళ్ల మీద కూర్చుని రాయితో రుద్ది నున్నగా చేసిన కూలీ అతను. తర్వాత ముప్పై ఏళ్లు దాన్నే ఊడ్చాడు. గుండ్రటి స్తంభాలు, మూల మీద వంపు తిరిగిన గోడ, గచ్చులో మెరిసే ఇత్తడి పట్టీలు, జాలీ సందుల్లోంచి పొద్దున పడే ఎండ పూలు, అన్నీ చెప్పేవాడు. "ఏం కొనకున్నా నిలవడొచ్చు బిడ్డా. వానొస్తె బస్సు దిగినోళ్లందరు గాడికే. ఎవ్వరిని ఎవ్వరు పొమ్మనకపోయేది."

సుమిత్రకు ఆ వాన తెలుసు. కాలేజీ రోజుల్లో అలాంటి వానలోనే ఆమె ఆ వరండాలో నిలబడింది. రేడియో దుకాణంలోని కుర్రవాడు తనను చూడనట్టు చూస్తూ, పాట చప్పుడు కాస్త పెంచాడు. ఆ కుర్రవాడే ఇప్పుడు బండి మీద ఎండకు నల్లబడుతున్నాడు.

ఖాళీ జాగాలో వంకరటింకరగా నడిచే మనిషి, నక్సలైట్ల కోసం గాలింపులు జరిగే ఆ రోజుల్లో, పోలీసుల కంట పడకుండా ఉంటాడా?

"ఎవనికి సైగ చేస్తున్నవ్ రా?" అన్నాడు జీపు దిగిన జవాను.

"సైగ కాదు సారూ. స్తంభం తగుల్తదని తప్పుకున్న."

రెండు గంటలు స్టేషన్లో కూర్చోబెట్టి, పిచ్చివాడని వదిలేశారు. వారం తిరక్కుండా ఇద్దరు కొత్త మనుషులు టీ తాగుతూ, ఎవరి కోసం కొలుస్తున్నావని మెల్లగా అడిగారు. ఇటు పోలీసులకు, అటు అడవిలోని అన్నలకు గంగారాం జవాబు ఒక్కటే: స్తంభం తగులుతుంది.

సుమిత్ర మనసు ఆగక ఒకనాడు బడి టేపు తెచ్చి అతని నడకను కొలిచింది. స్తంభం స్తంభానికీ ఒకే దూరం, ఒక్క జానెడు తేడా లేదు. ప్రతిచోటా ఒక అడుగు పక్కకు జరుగుతాడు. ఎనిమిదో స్తంభం దగ్గర మాత్రం మూడు అడుగులు. "కొలతలో దోషం, వయసు వల్ల," అని నోటుబుక్కులో రాసుకుంది.

అంతలో కబురొచ్చింది. కొత్త కాంప్లెక్సు కడతారట. పాత దుకాణం ఎక్కడుండేదో చూపించినవాళ్లకే కొత్తది. తీరా చూస్తే దుకాణదారుల రిజిస్టరూ ప్లానూ కూల్చిన ఏడాది వానల్లోనే నాని ముద్దయ్యాయి. జాగాలు రాసుకోవడానికి ఆఫీసరు వచ్చిన రోజున మూల దుకాణం నాదంటే నాదని అయిదుగురు లేచారు. తొమ్మిదో నంబరు తనదని హోటలు పోచయ్య కొత్తగా మొదలుపెట్టాడు.

"పోతదేమో సుమిత్రా," అన్నాడు దేవదాస్.

"ప్లాను ఉన్నది సార్," అంది సుమిత్ర ఆఫీసరుతో. "గదో, అటు నడుస్తున్నది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "పరీక్ష చేసి చూడండి. ఆయన తప్పుకున్నకాడ తవ్వించండి."

మూరెడు లోతులో గడ్డపార ఖంగుమంది. గుండ్రటి స్తంభం మొదలు. రెండోది, మూడోది కూడా. పొద్దెక్కేసరికి పన్నెండూ బయటపడ్డాయి. స్తంభాల వరసను బట్టి దుకాణాలు వాటంతటవే తేలాయి. టీ పొయ్యి గుర్తొచ్చి పోచయ్య వెళ్లిపోయాడు.

ఆఫీసరు పుస్తకం మూయబోయాడు.

"ఇంకొకటున్నది సారూ," అన్నాడు గంగారాం.

సుమిత్రకు తన నోటుబుక్కు గుర్తొచ్చింది. "మామా, ఎనిమిదో స్తంభం కాడ మూడు అడుగులు ఎందుకు జరుగుతవ్?"

"మల్లవ్వ గంప ఉంటది గద. తొక్కుతనా?"

ఇరవై ఏళ్లు ఆ స్తంభం మొదట్లో కూర్చుని దువ్వెనలు, సూదులు, రిబ్బన్లు అమ్మిన మనిషి మల్లవ్వ. ఆమెకు దుకాణమూ లేదు, కాగితమూ లేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర కూర్చుంటే వచ్చినవాడల్లా లెమ్మంటున్నాడు.

"నేను తప్పుకుని నడిస్తెనే ఆమె జాగ ఆమెకుంటది సారూ. అందరం తొక్కుకుంట పోతె అది నడిచే తొవ్వయితది."

ఆఫీసరు కలం మూత మళ్లీ తీసి, ఎనిమిదో స్తంభం ఎదుట మల్లవ్వ పేరు రాసుకుని, జీపు వైపు రెండు అడుగులు వేశాడు.

"సారూ, గోడ," అన్నాడు గంగారాం.

ఆఫీసరు ఆగాడు. చుట్టూ చూశాడు. వెనక్కి తిరిగి, దర్వాజా ఉండాల్సిన చోటు దాకా నడిచి, తల కాస్త వంచి బయటికి వెళ్లాడు.

సుమిత్ర చెప్పులు విడిచి, కొడుకుతో మూడు మెట్లెక్కి వరండా నీడలోకి వచ్చింది. అరికాళ్లు చుర్రుమన్నాయి.

"సల్లగ లేదా?" అన్నాడు గంగారాం.

"సల్లగున్నది మామా," అంది ఆమె, ఒక కాలు మార్చి ఇంకో కాలు వేస్తూ.