సల్మానియా ఫ్లాట్‌లో నాలుగు డిస్కులు

"అన్నా, ఉస్తాద్ పోయిండు" అని బహ్రెయిన్‌నాటి మల్లేశం ఫోన్ చేశాడు. మొన్న సోమవారం, నేను ఆఫీసులో ఉన్నప్పుడు. బోధన్‌లో కూతురింట్లో పొద్దున చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. ఆ ఒక్క ముక్కే చెప్పగలిగాడు మల్లేశం. అతను ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

ఆయనకు పేరు లేక కాదు. బహ్రెయిన్‌లో ఎవరమూ ఆయన్ను పేరుతో పిలిచి ఎరగం. రేడియోలు, టీవీలు బాగుచేసే రోజుల నుంచీ ఉస్తాదే. మనామాలో ఒక ట్రేడింగ్ కంపెనీలో కంప్యూటర్ల మరమ్మతుకు కుదిరాక కూడా ఉస్తాదే.

రెండువేల ఏడులో సల్మానియాలో, పెద్దాసుపత్రి వెనక సందులో, ఒక ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. ఉస్తాద్, హైదరాబాదు డ్రైవర్ జహీర్‌భాయ్, నేను. నేను అమ్వాజ్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో ఎలక్ట్రీషియన్‌ని. మాది జగిత్యాల పక్క ఊరు. రోజంతా స్విచ్చులు, ఏసీలు చూసి వచ్చేవాణ్ణి. కంప్యూటర్ పని నేర్చుకుని, పరీక్ష రాసి, ఏదైనా ఆఫీసులో చేరాలని నా కోరిక. ఆ మాట జహీర్‌భాయ్‌తో అంటే నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు. "ఎలక్ట్రీషియన్‌వి గదా, సగం వచ్చినట్టే. మిగతా సగం నేను జూస్త" అన్నాడు.

ఆ ఏడాది వాళ్ల కంపెనీ పాత సర్వర్‌ను స్క్రాపులో వేయబోతుంటే ఈయన తనకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ దగ్గరికి వెళ్లి అడిగాడట. ఆయన చెయ్యి ఊపి "ఖలాస్, లే జావ్" అన్నాడట, దాని పని అయిపోయింది, తీసుకుపో అని. దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు జహీర్‌భాయ్ కారులో తెచ్చారు. వంటగది పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న గది ఉండేది. ఏసీ గాలి తగలాలని ఆ గది తలుపు ఊడదీసి, సర్వర్‌ను అందులో పెట్టాం.

ఒకే యంత్రంలో నాలుగైదు యంత్రాలను నడిపించవచ్చని నాకు తెలిసింది అప్పుడే. ఉస్తాద్ ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఆ ఒక్క డబ్బాలోనే నా పరీక్షకు మూడు కంప్యూటర్లు తయారుచేశాడు. పాడుచేసుకున్నా పరవాలేదు, మళ్లీ మొదటికి తెచ్చుకోవచ్చు. "కరాబు చెయ్, తమ్మీ. కరాబు చెయ్యనోనికి బాగుచేసుడు రాదు" అనేవాడు. అంత దర్జాగా తప్పులు చేయనిచ్చిన గురువును నేను మళ్లీ చూడలేదు.

నాలుగో కంప్యూటర్ జోలికి మాత్రం నేను పోకూడదన్నాడు. అది అస్కర్ క్యాంపు వాళ్లది. అస్కర్‌లో అల్యూమినియం ప్లాంటు పనికి వచ్చిన మన నిజామాబాద్, కరీంనగర్ మనుషులు చాలామంది ఉండేవాళ్లు. కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే చేతికి వస్తున్నాయి. ఊరి నుంచి ఎవరైనా వస్తే ఇంటివాళ్లు మెమరీ కార్డులో పిల్లల ఫోటోలు, అమ్మానాన్నల మాటలు పంపేవాళ్లు. ఆ కార్డులేమో గోటిమందాన ఉండేవి. పడిపోయేవి, డ్యూటీ ప్యాంటుతో పాటు ఉతుకుల్లో పోయేవి. శుక్రవారం శుక్రవారం వాళ్లు బస్సెక్కి మా ఫ్లాట్‌కు వచ్చేవాళ్లు. ఉస్తాద్ ఒక్కొక్కరి కార్డూ తీసుకుని, ఒక్కొక్కరి పేరున దాచేవాడు. "ఒక్క చోట ఉన్నది లేనట్టే" అనేది ఆయన రోజూ చెప్పే మాట. కొత్తగా వచ్చినవాళ్లకు చాయ్ కంటే ముందు ఆ మాట అందేది.

ఏడాది తిరక్కుండానే పెట్టె నిండిపోయింది. అందులో ఉన్నవి రెండే పాత డిస్కులు. ఇంకో రెండు పెట్టుకునే జాగా ఉంది. నా మూడు కంప్యూటర్లకేమో మెమరీ చాలక, ఒకటి లేస్తే ఇంకొకటి పడుకునేది. ఏదో ఒకటి పెంచాలి. రెండూ ఒకేసారి కుదరవు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి మధ్యలో నిలువుగా గీత గీశాడు. కళ్లద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుని, "ఏది కొనాలె అని అడగద్దు, తమ్మీ. పోతే ఏడ్పు వచ్చేది ఒక దిక్కు రాయి. ఆగితే కోపం వచ్చేది ఇంకో దిక్కు రాయి. మొదలు ఏడ్పుకు బందోబస్తు. కోపం సంగతి తర్వాత" అన్నాడు.

నా కంప్యూటర్లు కోపం వైపు పడ్డాయి. రెండు కొత్త డిస్కులు తెచ్చి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ రాసేలా జోడీగా పెట్టి, క్యాంపు వాళ్లవన్నీ అందులోకి మార్చాలని తేల్చాడు. మెమరీ ఆ తర్వాత ఎప్పుడో.

"నా పరీక్షకు ఇంకా మూడు నెలలే ఉంది, ఉస్తాద్. వాళ్ల ఫోటోల కోసం నేను ఆగాల్నా?" అన్నాను.

"అవు, ఆగాలె."

"మీకు నా మీద నమ్మకం లేదు. అది చెప్పుండ్రి."

నేను రెండు రోజులు మాట్లాడలేదు. వేరుగా వండుకుని తిన్నాను. ఇప్పుడు నలుగురికీ పని చెప్పే ఉద్యోగంలో ఉన్నాను కానీ, ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

మూడో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన సర్వర్ ముందు కూర్చుని ఉన్నాడు. విప్పిన స్క్రూలన్నీ వరసగా సాసర్‌లో ఉన్నాయి. చాయ్ మాత్రం కప్పులోనే చల్లారిపోయింది. "క్యాంపోళ్లయి కొత్త డిస్కుల మీదికి మార్చిన. రెండో పాత డిస్క్ మొత్తం ఖాళీ చేసిన. నీ మూడు మిషన్లూ దాని మీద పెట్టిన. వేరే వాటితోని కొట్లాట ఉండదు. జర నయమైతది. చూడు" అన్నాడు.

నిజంగానే నయమైంది. ఆ డిస్క్‌లో అంతకుముందు ఏముందని నేను అడగలేదు. నా పని అయింది కదా అనుకున్నాను.

ఆగస్టులో ఒక రోజు మా బిల్డింగ్‌కు కరెంటు పోయింది. ఎవరమూ ఇంట్లో లేము. కరెంటు తిరిగి వచ్చినప్పుడు సర్వర్ దానంతటదే లేచింది. ఏసీ లేవలేదు. సాయంత్రం మేం తలుపు తీసేసరికి లోపలి నుంచి బట్టీ తలుపు తీసినంత సెగ కొట్టింది. చిన్న గదిలోంచి టక్, టక్ మని చప్పుడు. ఉస్తాద్ చెప్పులు కూడా విడవకుండా వెళ్లి, స్క్రూడ్రైవర్ మొనను ఒక్కొక్క డిస్క్‌కూ ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. డాక్టరు ఛాతీ విన్నట్టు. మొదటి పాత డిస్క్ దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత స్విచ్ ఆపేశాడు.

"ఇది పోయింది" అన్నాడు.

మర్నాటికి అస్కర్ క్యాంపులో ఉండే మల్లేశానికి ఎలా తెలిసిందో తెలిసింది. డ్యూటీ బట్టలతోనే వచ్చేశాడు. అతని తల్లి ఆ ఎండాకాలంలోనే చనిపోయింది. కడసారి చూపుకు వెళ్లడానికి అతనికి సెలవు దొరకలేదు. ఆమె మాట్లాడిన రెండు నిమిషాల వీడియో ఒకటి మా సర్వర్‌లో ఉంది. అది వచ్చిన కార్డు ఎప్పుడో పోయింది.

"ఉస్తాద్, మా అవ్వ ఉన్నదా?" అన్నాడు గుమ్మంలోంచే.

"కూసో. నీళ్లు తాగు" అని, అప్పటికే తిరిగి లేపిన సర్వర్‌లోంచి ఉస్తాద్ ఆ వీడియో తెరిచాడు. వాకిట్లో మంచం మీద ముసలామె. ఫోన్‌లోకి ఎటు చూడాలో తెలియక పక్కకు చూస్తూ అంటున్నది: "కొడుకా, పైలం. ఎండకు తిరగకు. బిడ్డ పుడితే నా పేరేం పెట్టకుండ్రి, పాత పేరు అది." మల్లేశం నవ్వుతూ ఏడ్చాడు. ఏడుస్తూ మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. ఉస్తాద్ పెట్టాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పెట్టాడు.

అతను వెళ్లాక నేను, "ఏం పోలేదు గదా, ఉస్తాద్?" అన్నాను.

"మనోళ్లయి అన్నీ ఉన్నయి. నీయి కూడ ఉన్నయి. చదువుకో పో."

ఆ వారంలోనే ఐసు కోసం ఫ్రీజర్ తీస్తే, జహీర్‌భాయ్ చికెన్ పక్కన ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ చచ్చిన డిస్క్ కనిపించింది. ఇదేంటని పడీపడీ నవ్వాను. "ఎండకు కాలింది పాపం, సల్లబడనీ" అని ఉస్తాద్ కూడా నవ్వాడు. అలా చల్లబరిస్తే ఒక్కోసారి డిస్క్ కాసేపు తిరుగుతుందని, చివరి ఆశగా అలా చేస్తారని నాకు అప్పటికి తెలియదు. మూడు రోజులు రోజుకొకసారి తీసి, తగిలించి, మళ్లీ సంచిలో చుట్టి పెట్టాడు. నాలుగో రోజు ఫ్రీజర్‌లో చికెన్ ఒక్కటే ఉంది.

నేను పరీక్ష పాసయ్యాను. ఆ సంతోషంలో సర్వర్ దుమ్ము దులుపుదామని మూత విప్పితే, లోపలి వైపు ఆ క్యాలెండర్ కాగితం అంటించి ఉంది. ఏడ్పు వైపు క్యాంపు వాళ్ల పేర్లు. ప్రతి పేరుకూ ఎదురుగా రెండు టిక్కులు, రెండు చోట్ల ఉన్నట్టు. అన్నిటికంటే పైన ఒక వరస మాత్రం ఉర్దూలో ఉంది. దానికీ రెండు టిక్కులు పెట్టి, రెండోది కొట్టేసి, దాని మీద తెలుగులో 'తమ్మి పరీక్ష' అని రాసి ఉంది.

జహీర్‌భాయ్‌ను పిలిచి చదవమన్నాను. ఆయన రెండుసార్లు చదువుకుని, గొంతు తగ్గించి చెప్పాడు: "ఆమె గొంతు. ఆరు క్యాసెట్లు."

ఉస్తాద్ భార్యకు చదువు రాదు. ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి, వచ్చేవాళ్ల చేత పంపేదట. ఈయన దుబాయిలో ఉండగానే ఆమె పోయింది. బహ్రెయినైనా మావాళ్లకు దుబాయే. క్యాసెట్ల రీళ్లు బూజుపట్టి తెగిపోతుంటే, ఆఖరిసారి తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. రెండు పాత డిస్కుల మీదా దాచుకున్నాడు. నేను అలిగితే ఒకటి ఖాళీ చేశాడు. ఆగస్టు ఎండకు చచ్చింది మిగిలిన ఆ ఒక్కటే.

ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. కాగితం చూడగానే ఆయనకు అర్థమైంది.

"ఎందుకు చెప్పలేదు, ఉస్తాద్?"

"చెప్తే నువ్వు పరీక్ష రాస్తుంటివా?"

"రాయకపోదును. ఏమైతుండె?"

ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "ఆమె గొంతు నాకు యాదికున్నది, తమ్మీ. నేను సచ్చేదాక ఉంటది. మల్లేశం బిడ్డ ఇంకా పుట్టనే లేదు. నాయనమ్మ గొంతు దానికి ఎట్ల యాదికుంటది?" అన్నాడు. చెప్పులు విడుస్తూ, "కొత్త డిస్కుల జాగా క్యాంపోళ్లకని పెట్టిన. పరీక్ష అయిపోంగనే మల్ల రెండో చోట పెడదామనుకున్న. అందరికీ చెప్పిన మాట నేనే తప్పిన. నీ తప్పేం లేదు" అన్నాడు. తర్వాత లేచి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

మనామాలో కొత్త ఉద్యోగంలో చేరాక ఒక పెద్ద డిస్క్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో పెట్టుకోవడానికి తనది ఏమీ లేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. "క్యాంపుల పిల్లలు పుట్టుడు ఎక్కువైంది. వాళ్లకు పెడదాం" అన్నాడు.

ఇవాళ నా ఉద్యోగమంతా దాచే పనే. ఊళ్లకు ఊళ్ల లెక్క ఉండే సమాచారాన్ని రెండు చోట్ల, మూడు చోట్ల పెట్టిస్తాను. సోమవారం మల్లేశం ఫోన్ పెట్టేశాక నా ఫోన్లు, పాత కంప్యూటర్లు అన్నీ వెతికాను. ఉస్తాద్ మాట ఒక్కటి కూడా లేదు. ఎప్పుడూ పక్కనే ఉన్న మనిషి గొంతును దాచుకోవాలని తోచలేదు. "తమ్మీ" అని ఆయన పిలిచే తీరు, రెండో అక్షరాన్ని కొంచెం పైకి లేపి పిలిచేవాడు, నాలో ఎంత ఉందో అంతే. రోజూ ఒకసారి లోపల అనుకుని చూసుకుంటున్నాను, చెరిగిపోలేదు కదా అని.

బోధన్‌కు వెళ్లిపోయే ముందు ఆయన ఆఫీసులో అడిగి ఒక ప్రొజెక్టర్ తెచ్చాడు. డిసెంబరు, చలిగాలి. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక అస్కర్ క్యాంపులో మెస్ బయటి తెల్లగోడ మీద అందరి ఫోటోలూ వేశాం. వందమందికి పైగా నేల మీద కూర్చున్నారు. గోడ మీద ఉయ్యాలలో పిల్లలు, కొత్త చీరల్లో భార్యలు, బర్రెలు, సగం కట్టిన ఇళ్లు. "అగో, నా బిడ్డ!" అని ఒకడు లేస్తే, "కూసో, మాకు కనపడ్తలేదు" అని వెనకవాళ్లు. ఎడారి వైపు నుంచి గాలి దుమ్మును ఎత్తి కొడుతోంది. యంత్రంలో పడకుండా ఉస్తాద్ ఒక అట్టపెట్టెను చీల్చి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. గాలికి ముఖం పెట్టాడు కనుక గోడకు ఆయన వీపే ఉంది. ఒక్క ఫోటో కూడా చూడలేదు. కళ్లద్దాల నిండా దుమ్ము. వెనక ఎవరో తన కొడుకును చూసి గట్టిగా నవ్వినప్పుడల్లా, అటు తిరక్కుండానే, ఆయనా నవ్వుతున్నాడు.