ఎక్కడ పగులుతుందో అడగమన్నాను

నలుగురు పిల్లలు కలిసి ఒక ప్రాజెక్టు చేశారు. కాలేజీవాళ్ళు నలుగురికీ ఒకే మార్కులు వేశారు. ఇది అన్యాయం.

ఆ నలుగురిలో ఒకతె నా మనవరాలు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. నాలాలో నీళ్ళు పెరిగితే మోగే గంట తయారుచేశారు. ఇంకో నాలుగు మార్కులు పడితే ఆమెకు ఫస్ట్ క్లాసు. లాల్‌దర్వాజాలో మా ఇంట్లో నెల రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని రిపోర్టు టైపు చేసింది ఆమె ఒక్కతే. మిగతా ముగ్గురూ సాయంత్రం వచ్చి చాయ్ తాగిపోయేవారు. బిస్కెట్లు కూడా మిగిల్చేవారు కాదు. వాళ్ళ చెప్పులకు అంత బురద ఎందుకో అడగాలని నాకు తోచలేదు. బయట విప్పమని మాత్రం చెప్పాను.

నేను బడికి పోలేదు. ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మల కార్ఖానాలో పనిచేస్తూ, అక్కడ పడి ఉన్న పాత పేపరు ముక్కలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఏ సంగతైనా నాకు సగమే తెలుసు. అభిప్రాయం మాత్రం నిండుగా ఉంటుంది.

కాలేజీలో పెద్దసారుకు ఆరు పేజీలు రాశాను. మా కార్ఖానాలో గడ్డి కట్టేది ఒకరు, మట్టి పెట్టేది ఒకరు, రంగు వేసేది ఒకరు. నిజంగా చెయ్యి పెట్టింది ఎవరో తేల్చడానికి మా సేఠ్ ఒకటే అడిగేవాడు: ఇది ఎక్కడ పగులుతుంది? పనిచేసినవాడు వేలు పెట్టి చూపించేవాడు. చెయ్యనివాడు బొమ్మను మెచ్చుకునేవాడు. మీరూ ఒక్కొక్కరిని పిలిచి అదే అడగండి అని రాశాను.

మనవరాలికి తెలిసి లొల్లి చేసింది.

"నిన్నెవరు రాయమన్నరు తాతా? నా ఇజ్జత్ తీస్తవా ఏంది?"

"నీ కోసమే రాసిన బిడ్డా. ఫికర్ చెయ్యకు."

"వాళ్ళు గూడ చేసిన్రు."

"ఏం చేసిన్రు, చాయ్ తాగిన్రు. నేను చూసిన గద."

"ఏం రాసినవో చూపియ్యి."

"పరీక్ష పేపరు ముందుగాల చూపిస్తరా?"

కాలేజీ నుంచి జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాశాను. మూడోది నేనే పట్టుకుపోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఉత్తరం తీసుకుంటూ "అడ్మిషన్ కోసమా బాపు?" అన్నాడు. కోపం తెచ్చుకోవాలని గుర్తొచ్చేసరికి బస్సు ఎక్కేశాను.

నెల తర్వాత జవాబు వచ్చింది:

"పెద్దలకు నమస్కారం. మీ ప్రశ్న నలుగురినీ విడివిడిగా అడిగాం. తీగ అతుకు తుప్పు పడుతుందని ఒకరు, చెత్త తగిలినా గంట మోగుతుందని ఒకరు, బ్యాటరీ రెండు రోజులకే దిగిపోతుందని ఒకరు చెప్పారు. ముగ్గురికీ మార్కులు పెంచాం. మీ మనవరాలు 'ఎక్కడా పాడుగాదు సార్, మస్తుగుంది' అన్నది. ఆమెకు పాత మార్కులే ఉంచాం. వచ్చే ఏడాది నుంచి అందరికీ ఇదే పద్ధతి. ధన్యవాదాలు."