ఏమీ తెలియలేదని చెప్పడం

సైన్యంలో నేను రేడియో ఆపరేటరును. అక్కడ నిర్ణీత సమయానికి కబురు పంపి తీరాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే, ఏమీ లేదనే పంపాలి. పదవీ విరమణ తర్వాత తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటరులో పనికి కుదిరాను.

ఆ ఉదయం వీధినిండా మంచు. పూలబుట్టలతో వెళ్తున్న ఆడవాళ్లు నడుము వరకే కనిపిస్తూ, నేలకు తగలకుండా తేలిపోతున్నట్లున్నారు. చూస్తూ నిలబడిపోయాను కాబోలు, సామాన్ల గదిలో పక్కపక్కనే ఉన్న రెండు నల్ల సంచుల్లో ఒకదానిని, చీటీ సరిచూడకుండానే, కాణిపాకం బయలుదేరిన ఒక కుటుంబానికి ఇచ్చి పంపాను. అప్పుడు ఆరు గంటలు.

ఎనిమిదింటికి ఆ సంచి సొంతదారులు వచ్చారు: భార్య, భర్త. అందులో అతని ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఫిల్ములున్నాయి, ఏడాదికొకటి చొప్పున ఆరు. మరునాడు వేలూరులో ఆపరేషను. పాతవాటితో పోల్చి చూడనిదే కత్తి పట్టనని డాక్టరు చెప్పాడట. కొత్త ఫిల్ము ఎప్పుడైనా తీయించవచ్చు. గడిచిపోయిన సంవత్సరాలకు తీయించలేం.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. తప్పక దొరుకుతుందని మాత్రం అనలేదు. అది నాకు తెలియదు. "పది నిమిషాలకొకతూరి వచ్చి చెప్తానమ్మా, తెలిసినా తెలీకపోయినా" అన్నాను.

కాణిపాకం వెళ్లినవారి ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. కౌంటరు పైఅంతస్తులో, దంపతులు కింద వసారాలో. పద్దెనిమిది మెట్లు దిగి, ఏమీ తెలియలేదని చెప్పి, మళ్లీ ఎక్కేవాణ్ణి. మూడోసారికి యజమాని నవ్వాడు.

"ఏమన్నా, ఏమీ లేదని చెప్పేదానికి ఇన్ని మెట్లు దిగల్లా?"

నాలుగోసారి వెళ్లేసరికి ఆమె గోడ గడియారం వైపు చూస్తోంది. "ఈతూరి రెండు నిమిషాలు లేటన్నా" అంది. భర్త నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు మంచులోకి వెళ్లి, ఎక్కడో దూరాన ఎవరో దగ్గినట్లు వినిపించింది.

ఎనిమిదీ యాభై నాలుగుకు అవతల ఫోను ఎత్తారు. దర్శనానికి వెళ్తూ ఫోన్లు బయట అప్పగించారట. సంచిని చిత్తూరు బస్టాండుకు తెస్తామన్నారు. వేలూరుకు దారి అదే గనుక, ఇక్కడ మిగిలిపోయిన వాళ్ల సంచిని దంపతుల చేతికిచ్చి, చిత్తూరు బస్సెక్కించాను.

కాసేపటికి ఆమే ఫోను చేసింది. "చంద్రగిరి దాటినామన్నా. ఇంకేమీ లేదు."

తర్వాత ఎండ వచ్చింది. వీధి తన అంచులన్నీ తిరిగి తెచ్చుకుంది. పదకొండు దాటాక ఫోను మళ్లీ మోగింది.

"ఆరూ ఉండాయన్నా. ఈయన ఒక్కోటీ ఎండకు పట్టి సూస్తా ఉండాడు. ఎముకల సందులో కొండ కనపడతాందంట."

ఇంతలో వేలూరు బస్సు కదులుతోందని ఎవరో కేక వేశారు. ఆమె ఫోను ఆపడం మరచి పరుగెత్తినట్లుంది. నేను కళ్లు మూసుకుని, ఆ రెండు జతల అడుగులు బస్సు మెట్లు ఎక్కేవరకూ విన్నాను.