ఉమ్ సిద్ర్‌కు దారి

యాన్బు అంటే అరబ్బీలో నీటి ఊట. ఆ పేరున్న ఊళ్లో తొమ్మిదేళ్లుగా నేను తాగుతున్నది ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్లు. ఊటలు సముద్రానికి దూరంగా లోపలివైపు, ఖర్జూరపు తోటలున్న పాత యాన్బులో ఉండేవట. అవి కూడా ఎండిపోయాయని అక్కడి ముసలివాళ్లు చెబుతారు. ఊట పోయి పేరు మిగిలింది. ఈ సంగతి ముందే తెలిసుండి కూడా ఆ తప్పు ఎలా చేశానా అనుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. జిల్లా పేజీలో ఊళ్ల పేర్ల మీద వారానికోసారి వచ్చే చిన్న శీర్షిక నా చేతిలో ఉండేది. ఒకే ఊరికి ముగ్గురు పాఠకులు మూడు కథలు రాసి పంపేవారు. మూడూ వేస్తే నాలుగో ఆయన ఆఫీసుకొచ్చి తగువు పెట్టుకునేవాడు. మిగతా పొద్దంతా ఏజెన్సీల ఇంగ్లీషు వార్తల్ని తెలుగులోకి దించడమే పని. ఆ అలవాటు ఎముకల్లోకి దిగింది. పరాయి మాట ఏది కనిపించినా తెలుగు చేస్తే తప్ప చెయ్యి ఊరుకోదు.

ఇప్పుడు నా ఉద్యోగం నీళ్ల ట్యాంకర్లు నడిపే ఒక చిన్న సంస్థలో. ట్యాంకర్‌ను ఇక్కడ వాయెట్ అంటారు. కొండల అవతల ఒంటెలు, మేకలు మేపుకునే బదూల గుడారాలకు వారానికి రెండుసార్లు మా వాయెట్ వెళ్తుంది. ఆ దారిలో పదహారేళ్లుగా తిరుగుతున్న డ్రైవర్ కడప జిల్లా మనిషి. పోయిన ఏడాది ఆయన ఇక చాలని ఖురూజ్, అంటే పూర్తిగా ఇంటికి వెళ్లిపోయే అనుమతి, అడిగాడు. కఫీల్, అంటే మా వీసాలు చేతిలో ఉన్న యజమాని, కాదనలేదు. కొత్త డ్రైవర్ ఒంటరిగా వెళ్లి అన్ని చోట్లా నీళ్లు పోసి వచ్చిన రోజున ఫోన్‌లో ఆ అనుమతి బటన్ నొక్కుతానన్నాడు.

పెద్ద డ్రైవర్‌కు తొందర ఉంది.

"సార్, మా ఇంటామె ఫోన్ మీద ఫోన్ చేస్తాంది. సెంట్రింగ్ కొట్టడం అయిపాయనంట. ఈ నెల దాటితే మేస్త్రీ ఇంకో పనికి పోతానంటాండాడు. పదహారేండ్ల కష్టం సార్ ఆ ఇల్లు. స్లాబు నాడు నేను ఆడ నిలబడకపోతే ఇంకేంటికి?"

కొత్తగా వచ్చినతను జగిత్యాల వైపువాడు. లారీలు బాగా నడిపిన చెయ్యి. పెద్ద డ్రైవర్ అతన్ని రెండుసార్లు పక్కన కూర్చోబెట్టుకుని దారి చూపించాడు. కానీ ఎడారిలో రెండుసార్లు చూసిన కొండ మూడోసారికి ఇంకో కొండలా కనిపిస్తుంది. మొదటి కనుమ దాటితే ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అవతలి చోట్లకు బోర్డులు లేవు, పేర్లే ఉన్నాయి. ఆ పేర్లు కూడా కాగితం మీద లేవు, బదూల నోట్లో ఉన్నాయి.

అందుకని పెద్ద డ్రైవర్ చెబుతుంటే ఆ పేర్లన్నీ నేను ఒక నోటుపుస్తకంలో రాశాను. ఉమ్ సిద్ర్, అబూ దబ్, బీర్ గురాబ్, ఇలా పద్నాలుగు. అక్కడితో ఆగితే బాగుండేది. పక్కనే గీత గీసి ‘అర్థం’ అని ఇంకో వరుస పెట్టాను. ఉమ్ అంటే తల్లి, సిద్ర్ అంటే రేగు. రేగుచెట్టు తల్లి అని రాశాను. అబూ దబ్ ఉడుముల తండ్రి అయ్యాడు. బీర్ గురాబ్ కాకుల బావి అయింది. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

కొత్తతను కూడా మురిసిపోయాడు. "మంచిగ రాసిన్రు సార్. ఇగ అరబ్బీతోని పనే లేదు. రేగుచెట్టు కనవడితే ఆపుడు, కాకులు కనవడితే ఆపుడు."

"అట్లా కాదు అబ్బీ..." అని పెద్ద డ్రైవర్ ఏదో అనబోయాడు. నా రాత మీద గౌరవంతో కాబోలు, ఆగిపోయాడు.

మొదటిసారి ఒంటరిగా పంపితే వాయెట్ సగం నీళ్లతో తిరిగొచ్చింది. చక్రాలనిండా ఇసుక.

"ఏంది సార్ గిది, చెట్టు లేదు గిట్టు లేదు. గంటసేపు దేవులాడిన," అన్నాడు కొత్తతను. దూరంగా పచ్చగా ఏదో ఉందని బాట దిగి పక్కకు తిప్పాడట. బండి ఇరుసుదాకా కూరుకుపోయింది. దగ్గర్లో మేకలు కాస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. బరువు తగ్గితే తప్ప లేవదని సగం నీళ్లు వదిలేయించారు. ఎక్కడెక్కడి మేకలో వచ్చి ఆ మడుగు చుట్టూ మూగాయట.

"మరి వాళ్లను దారి అడగలేదా?"

"అడిగిన సార్. రేగుచెట్టు యాడుంది అని అరబ్బీల మంచిగ అడిగిన. ఈ చుట్టుపక్కల రేగుచెట్టే లేదన్నరు. మల్లొచ్చిన."

రెండోసారి వేరే దారిలో పంపాం. ఈసారి నిండు ట్యాంకుతో వచ్చాడు. "కాకులు కనవడ్డయి సార్. శానా ఉన్నయి. పోయి సూస్తే ఊరి చెత్త వడేసే జాగ."

ఆ సాయంత్రం ఉమ్ సిద్ర్ దగ్గర గుడారం వేసుకున్న పెద్దాయన సిగ్నల్ కోసం అక్కడి ఎత్తైన కొండ ఎక్కి ఫోన్ చేశాడు. ఆయనను మావాళ్లంతా బాబా అంటారు. తన ఒంటెలకు పక్క గుడారం వాళ్లు నీళ్లు పోశారనీ, ఇంకొకరి నీళ్లకు చెయ్యి చాచడం తనకు అలవాటు లేదనీ అన్నాడు. కఫీల్ నా బల్ల దగ్గరికి వచ్చి, ఇలాగైతే పాతతన్ని ఎలా పంపడం అని అడిగాడు. నెలాఖరుకు ఇంకా పది రోజులుంది. పెద్ద డ్రైవర్ వాయెట్ తాళాలు తన దగ్గర పెట్టుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. సెలవు. ముగ్గురం వాయెట్ నింపుకుని పొద్దున్నే బయల్దేరాం. పెద్ద డ్రైవర్ నడిపాడు. కనుమ దాటి గంట పోయాక ఒక బోడి మిట్ట పక్కన ఆపి, "దిగండి సార్, ఇదే మీ రేగుచెట్టు తల్లి," అన్నాడు. రాళ్లు, గుడారం, పద్దెనిమిది ఒంటెలు. పుల్లంత చెట్టు కూడా లేదు.

బాబా చిన్న గిన్నెల్లో కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోశాడు. జరిగిందంతా పెద్ద డ్రైవర్ అరబ్బీలో చెప్పాడు. చెత్తకుప్ప దగ్గరికి వచ్చేసరికి బాబా నవ్వాగక గిన్నె కింద పెట్టేశాడు. తర్వాత ఏదో అన్నాడు. పెద్ద డ్రైవర్ మాకు చెప్పాడు:

"ఆ చెట్టును వాళ్ల అవ్వ చూసిందంట సార్. బాబా చూళ్లేదంట. నాకే కనపడంది వీనికి యాడ కనపడుతుంది అంటాండాడు."

కొత్తతను ముఖం ముడుచుకున్నాడు. "మరి చెట్టు లేనప్పుడు గా పేరెందుకు చాచా? తీసెయ్యమను."

పెద్ద డ్రైవర్ ఆ మాట అరబ్బీలో చెప్పగానే బాబా అతనివైపు తిరిగి కూర్చున్నాడు. మీ ఊరి పేరేమిటని ఆయన ద్వారానే అడిగించాడు.

"మామిడిపల్లి."

అంటే ఏమిటి?

"మామిడి చెట్లున్న ఊరు."

ఎన్ని ఉన్నాయి?

కొత్తతను లెక్కకు వేళ్లు మడవబోయి ఆగాడు. నావైపు చూశాడు. పెద్ద డ్రైవర్ వైపు చూశాడు. "ఒక్కటి గూడ లేదు. అంత పసుపు, మక్కజొన్న," అన్నాడు మెల్లగా.

నేను కహ్వా ఒలకబోసుకున్నాను. ఇరవై ఏళ్లు ఊళ్ల పేర్ల ఉత్తరాలు దిద్దినవాణ్ని. చెరువు లేని చెరువుపల్లెలు, తాడిచెట్లు లేని తాళ్లపల్లెలు ఎన్ని నా చేతిమీదుగా అచ్చయ్యాయో!

బాబా వదల్లేదు. అయితే నేను మీ ఊరికి ఎలా రావాలి, మామిడిచెట్టు కోసం వెతకాలా అని అడిగాడు.

"ఎందుకు బాబా? జగిత్యాల బస్టాండుల దిగి మా ఊరి పేరు చెప్పు. ఎవరన్న తోలిస్తరు."

పెద్ద డ్రైవర్ తొడ చరిచాడు. "అదే కదా అబ్బీ నేను చెప్పబోయింది! పేరు చెప్పి అడగాల. చెట్టును అడిగితే వాళ్లేం చెప్తారు?"

ఆ పొద్దంతా పద్నాలుగు చోట్లా తిరిగాం. ప్రతిచోటా కొత్తతను దిగి, తర్వాతి చోటు పేరు తనే పలికి, ఎటు అని అడిగాడు. వాళ్లు చెయ్యి చూపించినవైపు బండి పోయింది. బీర్ గురాబ్‌లో బావి కూడా లేదు. ఎవరూ బాధపడలేదు.

మంగళవారం ఒంటరిగా వెళ్లాడు. నోటుపుస్తకం ఇస్తే వద్దన్నాడు. మూడు దాటినా రాలేదు. పెద్ద డ్రైవర్ షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. నాలుగున్నరకు వాయెట్ వచ్చింది. ఆయన ఎదురెళ్లి, ట్యాంకు మీద వేళ్లతో కొట్టాడు. లోపలినుంచి ఖాళీ డబ్బా మోత వచ్చింది. కఫీల్ నా ముందే ఫోన్ తీసి బటన్ నొక్కాడు.

ఆయన నెలాఖరుకు మూడు రోజుల ముందు ఇల్లు చేరాడు. స్లాబు నాడు పైనుంచే నాకు వీడియో కాల్ చేశాడు. వెనక కాంక్రీటు మిల్లరు రొద, ఎవరో తట్టలు అందుకోమని కేకలు. తలకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్లదాకా సిమెంటుతో నిలబడ్డాడు. అన్నీ చూపించాక అడిగాడు:

"మనోడు ఎట్లుండాడు సార్? యాడుండాడిప్పుడు?"

"ఇందాకే బాబా కొండెక్కి ఫోన్ చేశాడు. రమ్లత్ అల్ హిందీ దాటాడట, ఇంకో అరగంటలో తన దగ్గరికి వస్తాడట."

ఆయన ముఖంలో నవ్వు ఆగింది. "రమ్లత్ అల్ హిందీనా? ఇండియావాని ఇసుక? అదెక్కడ సార్? పదహారేండ్లు తిరిగినా, ఆ పేరు ఎప్పుడూ విన్లేదే."

చెప్పాను. వాయెట్ కూరుకుపోయి, నీళ్లు వదిలేస్తే మేకలన్నీ వచ్చి తాగిన చోటు. ఇప్పుడు బదూలంతా ఆ చోటును అలాగే అంటున్నారు. నోటుపుస్తకంలో పదిహేనో పేరుగా నేనే రాసుకున్నాను. నా జీవితంలో పుట్టుక కచ్చితంగా తెలిసిన ఊరిపేరు అదొక్కటే.

మిల్లరు రొదలో ఆయన గొంతు పెద్దదైంది.

"వాడు దిగబడిన గుంతకు పేరా! పదహారేండ్లు ఒక్కసారి కూడా దిగబడకుండా తోలినా సార్. నా పేరున ఒక్క రాయి గూడా లేదే!"