రాఘవేంద్ర పట్టని నిచ్చెన

విఠల్‌కు మనుషుల పేర్లు గుర్తుండవు. బండి నంబర్లు గుర్తుంటాయి. చిక్కడపల్లిలో కాని, నారాయణగూడలో కాని, అశోక్ నగర్‌లో కాని, ఎవరెదురైనా ఆయన పలకరించేది చివరి నాలుగంకెలతోనే. ఆరేళ్ల పరిచయంలో నా పేరు ఆయన నోట ఒక్కసారీ వినలేదు. "ఎయిటీసిక్స్ టెన్ అక్కా, చాయ్ తాగుతవా" అంటాడు. ఇది నా కొత్త స్కూటర్ నంబరు. కిందటేడు పాతది తీసేసి ఇది కొన్నప్పుడు, మనిషే మారిందనుకుని నెల రోజులు నన్ను "మేడం, మీరు" అన్నాడు.

ఆయన పనే అలాంటిది. సిగ్నళ్ల దగ్గర స్తంభాల మీద బండ్ల నంబర్లు చదివే కెమెరాలుంటాయి కదా, వాటికి జూమ్, ఫోకస్ సరిచేసే కాంట్రాక్టు మెకానిక్. ఇది ఇద్దరి పని. ఒకరు నిచ్చెన ఎక్కాలి, ఒకరు కింద పట్టుకోవాలి. కాంట్రాక్టు కాగితంలోనూ ఇద్దరే ఉన్నారు. ఎక్కేవాడు విఠల్, పట్టుకునేవాడు రాఘవేంద్ర. ఈ రాఘవేంద్రను ఆరేళ్లుగా చూసినవాళ్లు లేరు. హాజరు మాత్రం రోజూ పడుతుంది. ఒక మనిషిని ఇరవై అడుగుల ఎత్తున గాలికి వదిలేసి, కింద కాగితంతో పట్టించారన్నమాట. విఠల్ దీని గురించి ఎవరి దగ్గరా నోరెత్తలేదు. నేనే ఓసారి నిలదీశాను.

"రాఘవేంద్ర మంచోడక్కా," అన్నాడు. "ఆరేండ్లల ఒక్క లీవ్ అడగలే. ఒక్క మాట ఎదురు చెప్పలే."

అందుకని ఆయన నిచ్చెన దారిన పోయేవాళ్లే పట్టాలి. పట్టినంతసేపు వాళ్లకు నంబర్ ఉండదు. ఎవరైనా సరే రాఘవేంద్రే. "రాఘవేంద్రన్నా, జర గట్టిగ" అని పైనుంచి వినపడుతుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీకి పేపర్ చదవడానికి పోయే పెద్దమనుషులు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు, ఒకసారి యూనిఫాంలో ఉన్న కానిస్టేబులు, అందరం రాఘవేంద్రలమే. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే సాయిచైతన్య ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో కరెంట్ అఫైర్స్ పట్టుకుని ఎన్నిసార్లు నిలబడ్డాడంటే, హాస్టల్లో కూడా ఆ పేరే ఖాయమైంది. హాల్ టికెట్ మీద అసలు పేరు చూసి, ఇదెవరిదోనని పక్కవాడికి ఇవ్వబోయాడట.

ఇక ఇంట్లో ఆయన భార్య లక్ష్మి కష్టం వేరు. లక్ష్మికి బండి లేదు. సంబంధం మాట్లాడటానికి వాళ్ల నాన్న వచ్చిన స్కూటర్ నంబరు ఒక్కటే విఠల్‌కు ఆధారం. పెళ్లయిన ఏడాది దాకా చుట్టాలకు ఆమెను "ట్వంటీటూ సిక్స్టీ వాళ్ల బిడ్డ" అనే పరిచయం చేశాడు. తర్వాత ఆ స్కూటర్ పాత ఇనుప సామాన్లవాడి పాలైంది.

"ఇప్పుడు నేను ఎవల బిడ్డనో ఆయనకే తెల్వాలె," అంటుంది లక్ష్మి, చాయ్ గ్లాసు నా చేతికిస్తూ.

పనిలో ఆయన చాదస్తం చూడాలంటే ఒకసారి నంబర్ ప్లేట్ పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను. స్తంభానికి ఎదురుగా, రోడ్డు మీద సుద్దముక్కతో గీసిన గీత దగ్గర ఒక ఉత్త నంబర్ ప్లేట్ పట్టుకుని వంగి నిలబడాలి, బండి ముందుభాగంలాగా. పైన విఠల్ మెడలో వేలాడే చిన్న తెరలో ఆ ప్లేట్ చూస్తూ కెమెరా మర తిప్పుతాడు. ముందు జూమ్, తర్వాత ఫోకస్. ఈ వరస తప్పడానికి వీల్లేదు. ఫోకస్ చేశాక జూమ్ ముట్టుకుంటే చేసిందంతా పోతుంది. అన్నీ కుదిరాక, కదలకుండా చిన్న స్క్రూ బిగించాలి. బిగించగానే ఫోకస్ వెంట్రుకవాసి జరుగుతుంది. మళ్లీ మొదలు.

"ఇంకెంతసేపు విఠల్," అన్నాను, నడుం పట్టేసి.

"అంకెలు కనవడ్డయక్కా. ప్లేట్ బోల్టు కనవడాలె."

"బోల్టుతో నీకేం పని?"

"బోల్టు సున్న లెక్కుంటది. గది బోల్టని కెమెరాకు తెల్వాలె గద."

అరగంటలో ముగించాల్సిన పనికి ఆయన పూట తీసుకుంటాడు. సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోవాళ్లు నన్ను చూసి జాలిపడి పక్కనుంచి పోయారు. ఒకాయన మాత్రం, అమ్మా, బండి ఎక్కడ పోయింది, ప్లేట్ ఒక్కటే మిగిలిందా అని అడిగాడు.

కిందటి దసరా తర్వాత అసలు గొడవ వచ్చింది. అశోక్ నగర్ హాస్టళ్లకు స్కూటర్ మీద టిఫిన్ డబ్బాలు వేసే స్వర్ణ మా ఇంటికొచ్చి మూడు నోటీసులు నా ముందు పెట్టింది. నారాయణగూడ సిగ్నల్ మూడుసార్లు దాటిందట, ఎర్రలైటు ఉండగా. ఆమె బండి నంబరు చివర 8338. ఆ మూడు సమయాల్లోనూ ఆమె అశోక్ నగర్‌లో నలభైమందికి ఇడ్లీలు పెడుతోంది. ఇంకొక్క నోటీసు వస్తే బండి పట్టుకుపోతామన్నారు.

"బండి పోతే నేను నడుస్తనక్కా," అంది స్వర్ణ. "నలభై డబ్బాలు నడుస్తయా?"

అప్పటికే గల్లీల్లో మరో పుకారు ఉంది. ఎవరో పొద్దున్నే వచ్చి, పూజ చేసిన బండ్ల మీద పసుపు కుంకుమలు తుడిచేసి పోతున్నారని. కిట్టనివాళ్ల పనేనని కొందరు, నంబర్ ప్లేట్ల దొంగ అని కొందరు అన్నారు. మా గల్లీలో ఉండే వేదవతి గారు, మా వీధి బండ్లకు పట్టిన దిష్టి అని తేల్చారు. ఆమెది కోనసీమ. భర్త కాశీవిశ్వనాథం గారు లెక్చరర్‌గా రిటైరై కొత్త స్కూటర్ కొన్నారు. దానికి ఆవిడ చేసిన ఆయుధపూజ సామాన్యమైంది కాదు. నంబర్ ప్లేట్ మీద అంకెకు రెండు బొట్లు, పైన నిమ్మకాయల దండ.

ఆ దొంగ ఆవిడకే దొరికాడు. పొద్దున ఆరున్నరకు పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే, తడిగుడ్డతో స్కూటర్ ముందు కూర్చుని ఉన్నాడు విఠల్. ఆవిడ కేకకు మేమంతా పరిగెత్తాం. నేను స్వర్ణ నోటీసులు కూడా పట్టుకుని వెళ్లాను. రెండు నేరాలూ ఒకేసారి అడగొచ్చని.

"శుభమా అని పెట్టుకున్న బొట్టు చెరిపేస్తావా," అని వేదవతి గారు ఊగిపోతున్నారు. "నీకేం అన్యాయం చేశామయ్యా?"

విఠల్ లేచి నిలబడి, జేబులోంచి ఒక చిన్న కుంకుమ భరిణె తీశాడు. "చెరుపతలేనమ్మా. జరుపుతున్న."

నిజమే. ప్లేట్ మీద తుడిచిన ప్రతి బొట్టుకూ మడ్‌గార్డ్ మీద లెక్కతప్పకుండా మరో బొట్టు పెట్టి ఉంది, ఉంగరపు వేలితో, వరసగా. నిమ్మకాయల దండ హ్యాండిల్‌కు మారింది.

"దేవుడు మడ్‌గార్డ్ మీదున్నా చూస్తడమ్మా," అన్నాడు. "కెమెరా చూడదు."

వేదవతి గారు దగ్గరికెళ్లి బొట్లు లెక్కపెట్టుకున్నారు. లెక్క సరిపోయింది. "అలాగైతే హెడ్‌లైటు మీద కూడా ఓటి పెట్టు నాయనా," అన్నారు.

ఆ స్కూటర్ నంబరు 3338. నా చేతిలోని నోటీసు ఫొటో చూడగానే విఠల్‌కు అర్థమైపోయింది. కెమెరా కంటికి కుంకుమ ఎరుపు తెలియదు, నలుపూ తెలుపే. మొదట ఉన్న మూడుకు ఎడమ పక్క ఖాళీలో రెండు బొట్లు పడేసరికి అది ఎనిమిదైంది; మిగతా అంకెల బొట్లు వాటి నెత్తి మీద పడ్డాయి. కాశీవిశ్వనాథం గారు, ఆపితే మళ్లీ స్టార్ట్ అవదేమోనన్న భయంతో సిగ్నళ్ల దగ్గర ఆగరు. ఆయన దాటిన ఎర్రలైట్లన్నీ స్వర్ణ ఖాతాలో పడ్డాయి. పెద్దాయన అక్కడికక్కడే తలదించుకుని, తప్పు నాదేనమ్మా, ఎక్కడ రాసిమ్మన్నా రాసిస్తానన్నారు.

ఆ రోజు విఠల్ నిచ్చెన మా గోడకు ఆనించి, స్వర్ణనూ నన్నూ తీసుకుని ట్రాఫిక్ ఆఫీసుకు వచ్చాడు. అధికారికి పెద్దాయన కాగితమిచ్చి, అది ఎనిమిది కాదు, మూడు అన్నాడు. నీకెట్లా తెలుసని ఆయన అడిగాడు. విఠల్ కిటికీలోంచి పార్కింగ్ వైపు కూడా చూడకుండా, అక్కడున్న బండ్ల నంబర్లన్నీ వరసగా అప్పజెప్పాడు. చివరికి అధికారి కారు వచ్చింది.

"మీ ప్లేట్ల డి సున్న లెక్క కొడ్తది సర్. జర కడిగిపియ్యుండ్రి."

అధికారి ఫొటోను పెద్దది చేసి చూశాడు. స్వర్ణ మూడు నోటీసులూ రద్దయ్యాయి. బయటికి రాగానే స్వర్ణ డబ్బాలు ఆలస్యమైతున్నాయని బండెక్కి వెళ్లిపోయింది. మేమిద్దరం చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. మనుషులకు మంచి పేర్లుండగా ఈ నంబర్లేంటని అప్పుడడిగాను.

"పేరు తప్పు సదివితే కోపమొస్తదక్కా, గంతే. నంబర్ తప్పు సదివితే బండి పోతది." గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "నీ ఎయిటీసిక్స్ టెన్‌కు థర్టీసిక్స్ టెన్ ఒకాయన ఉన్నడు బర్కత్‌పురాల. ఆయన బండి కడగడు. బురద పడితే ఆయన మూడు నీ ఎనిమిదైతది. గందుకే ఆదివారం నేనే పోయి కడిగొస్త."

ఈ బండి కొన్నాక ఒక్క నోటీసూ రాలేదని, నా డ్రైవింగ్ గొప్పదని ఊరంతా చెప్పుకున్నదాన్ని నేను. ఆయన తలలో ఉన్నది నంబర్ల పిచ్చి కాదు. ఎవరి తప్పు ఎవరి మీద పడబోతోందో ముందే చూసుకునే జాబితా. అందులో నేనున్నాను, స్వర్ణ ఉంది, బహుశా మీరూ ఉన్నారు.

పని వేళలో స్తంభం వదిలివెళ్లినందుకు ఆయనకు మర్నాడు మెమో ఇచ్చారు. ముందురోజు రిపోర్టులో మాత్రం, రాఘవేంద్ర ఒంటరిగా రెండు కెమెరాలు సరిచేశాడని రాశారు. విఠల్ అది చదివి చాలా సంతోషించాడు. "పని నేర్చుకుండక్కా" అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. లైబ్రరీ గేటు పక్కన చాయ్ బండి మీద ఒక అర్జీ పెట్టాం, నిచ్చెన కింద నిజం మనిషిని, నడుముకు బెల్టును ఇమ్మని. వచ్చి సంతకం చేయండి. వచ్చే దసరాకు బొట్టు మడ్‌గార్డ్ మీద పెట్టండి. అర్జీ కదిలేలోపు ఎక్కడైనా స్తంభానికి నిచ్చెన వేసి, పైన మర తిప్పుతున్న మనిషి కనపడితే, బండి పక్కన ఆపి రెండు చేతులా నిచ్చెన పట్టుకోండి. పూట పడుతుంది, ముందే చెబుతున్నాను. పైనుంచి ఎవరో రాఘవేంద్రను పిలిచినట్టు వినపడుతుంది.

పలకండి. మిమ్మల్నే.