ఆ మచ్చ మీద కరుణ చెయ్యి

తొంభైల చివర్లో ఒక శనివారం అన్నం వారుస్తుంటే గంజి ఒలికి ఎడమ ముంజేతి మీద పడింది. చెయ్యి బొబ్బలెక్కింది గానీ నాకు మంట తెలియలేదు. అక్కడ అప్పటికే తెల్లటి మచ్చ ఉండేది. శోభి అనుకుని పట్టించుకోలేదు.

మాది పాలకొల్లు దగ్గర కాలువ గట్టు మీద ఊరు. పెళ్ళి కాలేదు, అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. ఆదివారాలు చర్చిలో సండే స్కూలు చెప్పేదాన్ని. యేసయ్య కుష్ఠురోగిని ముట్టుకుని బాగుచేసిన కథ చెప్పి, నమ్మితే చాలని ముగించేదాన్ని.

ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటుతో బొబ్బలు మానాయి. వీపు మీద కూడా మచ్చలు కనపడ్డాక రాజమండ్రి వెళ్ళాను. స్కిన్ డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో ముట్టుకుంటూ ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు. ఎంతసేపటికీ ఏమీ తగల్లేదు. కళ్ళు తెరిస్తే దూది మచ్చ మీదే ఉంది. చర్మం కాస్త గీరి పరీక్షకి స్కిన్ స్మియర్ తీయించి, రిపోర్టు చూసి చెప్పారు.

"లెప్రసీ అమ్మా. భయపడకండి, పూర్తిగా తగ్గే జబ్బే. మందు మొదలుపెట్టాక మీ వల్ల ఇంకొకరికి అంటదు."

కుష్ఠుకి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ మాత్రలు ఏడాది పాటు మానకుండా వాడాలన్నారు.

మర్నాడే నా కంచం, గ్లాసు వదిన వెనక వసారాలో పెట్టింది. అన్నం పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. డాక్టరుగారి మాట చెప్తే తలూపింది గానీ కంచం మాత్రం లోపలికి రాలేదు. పిల్లల తల్లులు భయపడుతున్నారని, కొన్నాళ్ళు పాఠాలు మాని విశ్రాంతి తీసుకోమని పాస్టరుగారు మెల్లగా చెప్పారు. చర్చిలో వెనక చాప మీద కూర్చుంటే చాపంతా నాదే. మాత్రలకు ఒళ్ళు నల్లబడింది. సంఘంలో ఒక పెద్దాయన, విశ్వాసం ఉన్నవాళ్ళకి మందులెందుకన్నారు. నేను ప్రార్థనా మానలేదు, మాత్రలూ మానలేదు.

వానాకాలంలో మోచేతి దగ్గర నరం వాచి, నిద్రపట్టనంత నొప్పి. చిటికెనవేలు, ఉంగరపు వేలు వంగిపోయాయి. మళ్ళీ రాజమండ్రి. "ఇది జబ్బు క్రిముల మీద ఒళ్ళు చూపించే రియాక్షనమ్మా, జబ్బు తిరగబెట్టడం కాదు. ఎండీటీ ఆపకండి" అని వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాశారు. నొప్పి తగ్గింది. వేళ్ళు నిటారు కాలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, నా క్లాసులో పిల్ల కరుణ వసారాలోకి వచ్చింది.

"యేసయ్య బాగుచేస్తాడని మీరే చెప్పారు కదండీ టీచరుగారూ. మరి మిమ్మల్ని చెయ్యలేదేంటండీ? మీరు నమ్మలేదా?"

"నమ్మానమ్మా. ఎందుకింత ఆలస్యమో నాకూ తెలీదు. అడుగుతూనే ఉన్నాను, మందూ వేసుకుంటున్నాను."

తనూ అడుగుతానంది. కళ్ళు మూసుకుని నా మచ్చ మీద చెయ్యి పెట్టింది. డాక్టరుగారు తప్ప నన్నెవరూ ముట్టుకోక నెలలైంది. ఆ చిన్న చెయ్యి నా చర్మానికి తెలియలేదు. ప్రార్థన అయ్యేదాకా కళ్ళు తెరిచి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఏడాది ముగిశాక మందు ఆపేశారు. జబ్బు పోయింది, స్పర్శ అన్నిచోట్లా రాలేదు. కొన్నాళ్ళకు పాస్టరుగారే మళ్ళీ పిలిచారు. ఇప్పుడు చర్చి దగ్గర అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను, ఆదివారాలు పాఠం చెబుతున్నాను. కుష్ఠురోగి కథలో, యేసయ్య ముందు ముట్టుకున్నాడు, తర్వాతే బాగుచేశాడు అన్న చోట కాస్త ఆగుతాను. జబ్బు తగ్గనివాళ్ళని నమ్మలేదా అని అడగొద్దని పిల్లలకు చెబుతాను.

చదివేవారికి ఒక్క మాట. ఒంటి మీద ఏ మచ్చకైనా వేడి, చల్లన తెలియకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ప్రభుత్వాసుపత్రిలో మందు ఊరికే ఇస్తారు. వేళ్ళు వంగకముందే వెళ్ళండి.